పచ్చ మీద నాగలి

వాన మొదటి చినుకు సోమమ్మ వీపు మీద పడింది. కలుపు తీస్తున్న చేయి ఆగింది గానీ ఆమె తల ఎత్తలేదు. తల ఎత్తి చూడకపోతే ఆ చినుకు పడనట్టే అవుతుందేమో అన్నట్టు మడిలో అలాగే వంగి ఉంది.

పక్క మడిలోంచి గోపమ్మ పెద్దపెట్టున కేక వేసింది.

"వచ్చిందే సోమీ! మిరుగు కార్తె వాన మింగె, ఆరుద్ర మింగె, పూసాలలు రెండూ మింగె. మింగిందంతా ఇయ్యాల మఖల కక్కుతాందే!"

చేతిలోని కలుపు గట్టు మీదికి విసిరి, రెండు చేతులూ చాచి నిలబడింది గోపమ్మ. పెళ్లీడుకొచ్చిన కొడుకులిద్దరున్న మనిషి, చిన్నపిల్ల లెక్క నోరు తెరిచి చినుకులు పట్టుకుంటోంది. చెరువు కట్ట మీద ఎవరో ఈల వేశారు. దూరంగా మెట్ట చెలకల్లో ఉన్నవాళ్లు కూడా పనులు వదిలి ఆకాశం కేసి చూస్తున్నారు. చూస్తుండగానే చినుకు జల్లయింది, జల్లు తెరలయింది.

సోమమ్మ మడిలోంచి ఉరికింది. గట్టు మీద తుమ్మచెట్టుకు కట్టిన చీర తొట్టెలలో ఆమె పసిబిడ్డ లీల నిద్రపోతోంది. పిల్లను ఎత్తి గొంగడి కప్పి గుండెకు హత్తుకుంది. ముందురోజు నుంచే పిల్లకు దగ్గు. గొంగడి లోపల చిన్న చాతీ గుర్రుగుర్రుమంటూ ఆమె చాతీకి తగులుతోంది.

"ఏడ్పు మొహం పెట్టినవేందే? వానొస్తే గూడ ఏడుస్తవా?" అంది గోపమ్మ దగ్గరికొచ్చి.

"ఏడుస్తలేనక్కా."

"మరి?"

సోమమ్మ వానలో ఊగుతున్న తన మడిని చూసింది. తనది అనుకోవడమే గానీ ఆ మడి రామచంద్రం పటేలుది. తూముకు ఆనుకొని ఉన్న నల్లరేగడి, ఊళ్లోకెల్లా మంచి పొలం. సోమమ్మ వాళ్ల సొంత మడి ఆయకట్టు కొసన, కాలువ సన్నబడి సన్నబడి ఆఖరికి తడి మరక మాత్రమే అయిపోయే చోట ఉంది.

ఈ ఏడు చెరువులోకి చాలినన్ని నీళ్లు రాలేదు. చెరువు నిండని ఏడు ఆయకట్టంతా తడపాలని చూస్తే అంతా ఎండుతుంది. అందుకని ఊరి పెద్దలు కట్ట మీద కూచుని దామాషా కట్టారు. తూము కింద ఎంత జాగా తడుస్తుందో అంతే నాటాలి. ఆ జాగాను తాడు పరిచి, ఎవరి వాటాకు తగ్గట్టు వాళ్లకు పంచాలి. కొసన పొలం ఉన్నవాళ్లకు కూడా తూము దగ్గర ఒక మడి వస్తుంది. పొలం ఎవరిదైనా ఆ ఏటికి గింజ నాటినవాళ్లది, గడ్డి పొలం ఆసామిది. ఆ గడ్డిమోపు ఆసామి వాకిట్లో దించితే, పొలం ఎవరిదో ఊరు మరిచిపోలేదని లెక్క. తాతల కాలం నుంచీ అంతే. తాడు తన పొలంలో పడుతుంటే రామచంద్రం పటేలు దవడ బిగించుకొని నిలబడ్డాడు.

అట్లా వచ్చిన మడి ఇది. పెనిమిటి ఐలేశం నందికొండలో ఆనకట్ట పనికి పోయి రాళ్లు మోస్తుంటే, సోమమ్మ తన చేత్తో నాటిన మడి. నెల దాటింది. దుబ్బులు పిలకలేసి ముదురాకు రంగు పట్టాయి. ఈ గింజ ఇంటికి చేరితే ఏడాది తిండి. చేరకపోతే పిల్లను చంకనేసుకొని తానూ నందికొండ పోవాలి. అక్కడ రాళ్ల కుప్పల నడుమ తొట్టెల కట్టుకొని తట్టలు మోస్తారని పోయొచ్చినవాళ్లు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ తొట్టెల ఆమె కండ్ల ముందు ఊగుతూనే ఉంది.

చెరువులో చాలినన్ని నీళ్లు లేవు కాబట్టి దామాషా. మరి నిండితే?

వాన ఆ పగలంతా కొట్టింది.

*

మర్నాడు మత్తడి దునికింది. చెరువు నిండి పొర్లి, మత్తడి రాళ్ల మీద నుంచి తెల్లగా దుముకుతుంటే పిల్లలు అందులో గంతులేశారు. కట్ట మైసమ్మకు మేకపోతును కోశారు. డప్పు మోగింది. కట్ట మీద పెద్దమనుషులు గొంగళ్లు పరుచుకొని కూచున్నారు. ఆడవాళ్లు కట్ట కింద నిలబడ్డారు, అది వాళ్ల జాగా. సోమమ్మ అత్త నర్సింగమ్మ ముందుకు జరిగి చేయి అడ్డం పెట్టుకొని చూస్తోంది. కండ్లలో పొర వచ్చిన దగ్గర్నుంచి ఆమె మనుషుల్ని గొంతును బట్టే గుర్తుపడుతుంది.

రామచంద్రం పటేలు లేచాడు. బక్కపలుచని మనిషి, గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ వినలేదు.

"జానయ్య తాతా, నీళ్లు లేనప్పుడు నా మొదటి మడులు తాడేసి పంచుకున్నరు. నేను నోరు తెరిచిన్నా? తెరువలే. ఇయ్యాల దేవుడు అందరికిచ్చిండు. మత్తడి దునికినంక దామాషా ఏంది? ఎవలి జాగల వాళ్లు నాటుకోండ్రి. నా జాగా నాకు ఇడువుండ్రి."

"అనరాని మాటేమన్నడు?" అన్నాడు లచ్చయ్య. ఆయన పొలం కాలువ నడిమిలో ఉంది. "నా పొలమంతా ఎండి పడావున్నది. ఇప్పుడు నాటితే గూడ చేతికొస్తది."

గోపమ్మ కొడుకులు కూడా తలలూపారు. వాళ్లకు ఇద్దరి రెక్కలున్నాయి, ఎడ్లున్నాయి. దామాషాలో వచ్చిన ఒక్క మడి బదులు కొసనున్న మొత్తం పొలం నాటుకోవచ్చు.

గోపమ్మ సోమమ్మ చెవి దగ్గర గుసగుసలాడింది. "బుగులే పటేలుకు. పక్కూర్ల కౌలుకు జేసినోళ్ల పేరు మీదికే భూమి ఎక్కిందంట. దున్నేటోనిదే భూమి అంటున్నరంట సర్కారోళ్లు. నువ్వు నేను గిట్ల ఇంకో కారు పంట నాటితే పొలం పాయె అని పానం గుంజుతాంది పటేలుకు."

జానయ్య గడ్డం గోక్కున్నాడు. ఊరి పంచాయితీల్లో తలపండిన మనిషి. ఆయన కట్టిన తీర్పు దాటినవాళ్లు లేరు.

"న్యాయమే. నీళ్లున్నంక దామాషా లేదు. నాటిన నారు నాటినోళ్లది, పొలం పొలమోనిది. పచ్చ మీద నాగలి పెట్టుడు మన ఊర్ల లేదు, పెట్టొద్దు గూడ. పచ్చటి పైరు దున్నిన ఇంట్ల కుండ నిండదు. గందుకని ఎవలి నారు వాళ్లు పీక్కొని పోయి ఎవలి జాగల వాళ్లు నాటుకోండ్రి. ఎల్లుండి నారు తీయుండ్రి, ఆవలెల్లుండి పొద్దుగాల రామచంద్రం అరకలు కడుతడు."

అందరూ బాగుందన్నారు. నిజంగానే బాగుంది, వంక పెట్టడానికేమీ లేదు. సోమమ్మకు ఊపిరి అందనిది అక్కడే. ఎవరో దుర్మార్గం చేస్తే తిట్టుకోవచ్చు. అందరికీ న్యాయమైనది తనకొక్కదానికి కాకుండా పోతే ఎవరిని తిట్టాలి?

నర్సింగమ్మ ఊరుకోలేదు. "మీ నోర్లు పడ! మా ఇంట్ల మొగపురుగు లేడు, ఎడ్లు లేవు. ఎల్లుండి లోపల నాట్లకు కరిగెట ఎవడు దున్నిపెడుతడు? మీ తాతనా?"

కట్ట మీద నవ్వులు లేచాయి. జానయ్య కూడా నవ్వాడు. "మా తాత ఉంటే దున్నేటోడే నర్సింగీ, పోయిండు పాపం. ఎవలనన్న అడుగు. ఊరు గొడ్డు పోలే, ఒక అరక దొరుకకపోతదా?"

రామచంద్రం కట్ట దిగి వాళ్ల దగ్గరికి వచ్చాడు. సోమమ్మ కొంగు సర్దుకొని పక్కకు తిరిగింది.

"పీకుడెందుకు నర్సింగమ్మా? పసిపిల్ల తల్లి. మీకేడైతది? నారు అట్లనే ఉండనీయుండ్రి. నేనే చూసుకుంట, నేనే కోస్త. పంట మీద ఇన్ని గింజలు ఇంటికి పంపుత. మర్యాద తప్పేటోన్ని గాదు."

ఆయన మాటలో ఎగతాళి లేదు, జాలే ఉంది. సోమమ్మను భయపెట్టింది అదే. ఇన్ని గింజలు అంటే ఎన్ని? పంట చేతికొచ్చాక ఎవరు గుర్తు పెట్టుకుంటారు? పంపిన రోజు పంపుతాడు, పంపని రోజు ఆయన గడపలో నిలబడాలి.

*

పొయ్యి ముందు కూచుని నర్సింగమ్మ జొన్న గటక కలుపుతోంది.

"ఒప్పుకుందాం పిల్లా. ఇన్ని గింజలంటే ఇన్ని గింజలు. లేకుంటే ఐలేశం కాడికి పోదాం. రమ్మని కబురు పెట్టనే పెట్టె."

"అక్కడ జాగా చిన్నదంట అత్తా. తడికెల గుడిసె."

"మనకేమన్న మేడలున్నయా ఈడ?"

సోమమ్మ పిల్ల వీపు రాస్తోంది. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి దగ్గు వచ్చి వదిలేస్తోంది లీల. నుదురు వెచ్చగా ఉంది. వాము వేయించి మూట కట్టి చాతీ మీద పెట్టింది. ఈ గుక్కలు కూడా తాను తింటేనే. తాను తినేది ఈ కుండలో ఉంటేనే. కుండలోకి వచ్చేది ఆ మడి నుంచే. ఎక్కడ మొదలుపెట్టి ఆలోచించినా ఆలోచన గానుగెద్దు లెక్క తిరిగి తిరిగి ఆ మడి దగ్గరికే వస్తోంది.

తెల్లవారి అరక కోసం బయల్దేరింది. లచ్చయ్య వాకిట్లో నాగలికి కర్రు బిగిస్తున్నాడు.

"అన్నా, ఒక్క పూట అరక ఇస్తవా?"

"ఇస్తనే, ఎందుకియ్య? నాది దున్నుకున్నంక ఇస్త. ఇయ్యాల నాకు నువ్వు ఇంకో జత ఎడ్లు తెచ్చిస్తే, రేపు నీకు రెండు అరకలిస్త" అని నవ్వాడు. నవ్వి, ఆమె చంకలో పిల్లను చూసి తలదించుకున్నాడు. "ఏం జేయను చెల్లే, అందరి పొలాలు ఒక్కసారే తడిసినయి."

గోపమ్మ కూడా అంతే అంది. నాలుగొద్దులాగితే కొడుకులను పంపిస్తానంది. నాలుగొద్దులాగితే ఇక్కడ పీకిన నారు అక్కడ ఎండుతుంది. ఏ ఇంటి ముందు చూసినా ఎడ్ల మెడల్లో గంటలు మోగుతున్నాయి, ఏ కాడీ ఖాళీగా లేదు. వాన రాకముందు పొద్దుపోని ఎడ్లు ఊరంతా కనిపించేవి. ఇప్పుడు వాన వచ్చింది కాబట్టి ఒక్కటీ దొరకదు.

కాళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయింది. అవి కొసకే తీసుకుపోయాయి.

ఆయకట్టు కొసన తన సొంత మడి వాన నీళ్లతో నిండి ఉంది. ఎండాకాలంలో గొర్లమంద పెట్టించిన పొలం. ఆ పెంట తిని, కాలువ కొస చెమ్మకే గడ్డీ తుంగా మోకాలెత్తు పెరిగాయి. గట్టు ఒకచోట తెగింది. సోమమ్మ పిల్లను వీపుకు కట్టుకొని, మట్టి తీసి గండి పూడ్చింది. తర్వాత మడిలో దిగింది. కాలు మెత్తగా పిక్క దాకా దిగబడింది. రెండో కాలు పెట్టింది. దిగబడిన కాలు పీకితే ఆ జాగాలో నీళ్లు నల్లగా తిరిగాయి, తుంగ కింద పడి బురదలోకి పోయింది. ఒక్క అడుగు మేర కరిగెట. మడంతా చూసింది. తన ఒక్కదాని కాళ్లతో ఎన్ని అడుగులు?

అప్పుడే బర్ల మంద వచ్చింది.

ఊరి బర్లన్నీ పొద్దుగాల గుర్వయ్య తోలుకొని పోతాడు, పొద్దుగూకాక తోలుకొస్తాడు. నడిమిలో ఎక్కడ బురద కనిపిస్తే అక్కడ అవి ఆగుతాయి. ముందు నడుస్తున్న ఒక బర్రె గట్టెక్కి, ముట్టె పైకెత్తి వాసన చూసి, సోమమ్మ మడిలోకి దుమికింది.

"హే! హే!" సోమమ్మ గడ్డ తీసి విసరబోయింది.

చేయి పైనే ఆగిపోయింది. బర్రె నడుస్తుంటే దాని గిట్టల కింద తుంగ మొదళ్లతో సహా విరిగి లోపలికి పోతోంది. నాలుగు కాళ్లు, ఇంత బరువు. అది నడిచిన దారి పొడవునా బురద బుడగలు వేస్తోంది.

"మామా!" అని కేకేసింది. గుర్వయ్య ఆమె మామకు వరసకు తమ్ముడు. "మామా, అన్నిటిని ఈడికి తోలు!"

గుర్వయ్య కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. "పిచ్చి లేసిందా కోడలా? ఊరోళ్ల బర్లు. అలిసి పాలు తగ్గితే నన్ను కట్టేసి కొడుతరు."

"బురదల తిరిగితే బర్రెకు పాలు తగ్గుతయా? నువ్వెన్నడన్న చూసినవా?"

"చూడలే." గుర్వయ్య ఆలోచించాడు. "బురదల పడితే మాత్రం వాటికి పెండ్లే. గానీ గీ మందల రామచంద్రం పటేలు బర్లు గూడ ఉన్నయే."

"ఉంటే ఏంది? వాటికి కాళ్లు లేవా?"

గుర్వయ్య ఒక్క క్షణం ఆమెను చూసి, పండ్లు లేని నోటితో పకపకా నవ్వాడు. నవ్వుతూనే నాలుక మడిచి ఒక శబ్దం చేశాడు. మంద మొత్తం గట్టు దిగింది.

సోమమ్మ తుమ్మకొమ్మ విరిచి వెనక నడిచింది. పడుకోబోయిన బర్రెను అదిలించింది, బయటికి పోబోయినదాన్ని మళ్లించింది. గుర్వయ్య ఒక మూల నుంచి, ఆమె ఒక మూల నుంచి చుట్టూ తిప్పారు. తుంగ పడిపోయింది, గడ్డి పడిపోయింది. పెంట వాసన, కుళ్లిన ఆకు వాసన, బర్ల వాసన కలిసి గుప్పుమన్నాయి. బురద తన మొహం మీద, పిల్ల చెంపల మీద చింది ఎండిపోయింది. వీపు మీద లీల మొదట ఏడ్చింది, తర్వాత ఆ ఊపుకే నిద్రపోయింది. పొద్దు వంగేసరికి మడి, అంబలి పోసిన తాంబాళం లెక్క నిగనిగలాడింది.

"మీ మామ ఉండంగ గూడ గింత మెత్తగ దున్నలే," అన్నాడు గుర్వయ్య బర్లను కాలువలో కడుగుతూ. "పటేలుకు మాత్రం చెప్పకు. బర్ల కిరాయి అడుగుతడు."

*

నారు తీసే రోజు ఆకాశం మోడమేసి ఉంది. పైన మడులన్నిట్లో దామాషా వాళ్లు నారు పీకుతున్నారు. గోపమ్మ, ఆమె కొడుకులు చకచకా దుబ్బులు పెరికి కట్టలు కడుతున్నారు. వాళ్లు నడిచిన వెనక మడి బోడిగుండయి మిగులుతోంది.

సోమమ్మ మొదటి దుబ్బు పెరికింది. వేళ్లు తెల్లగా చిక్కగా మట్టిని పట్టుకొని వచ్చాయి. కాలువ నీళ్లలో ఆడించి కడిగింది. మడిలో పెట్టినప్పుడు రెండు మూడు పోచలు, ఇప్పుడు పిడికిలి పట్టనన్ని. నారు, నారు అన్నారు కట్ట మీద పెద్దమనుషులు. నాగలి పట్టే చేతులకు నారుమడిలోనిదైనా, నెల దాటి పిలకలేసినదైనా నారే. నాట్లేసే ఆడవాళ్ల చేతులకే ఆ తేడా తెలుసు.

దుబ్బును చూస్తుండగానే ఆమె బొటనవేళ్లు దాని నడిమిలోకి దిగాయి. దుబ్బు రెండుగా విడింది. రెంటికీ వేళ్లున్నాయి. ఒక సగం గంపలో వేసింది. రెండో సగాన్ని, తాను తీసిన గుంటలోనే మళ్లీ పెట్టి బొటనవేలితో అదిమింది.

తర్వాత ఇంకో దుబ్బు. పెరికి, కడిగి, చీల్చి, సగం గంపలోకి, సగం గుంటలోకి.

మధ్యాహ్నానికి గోపమ్మ నడుము పట్టుకొని లేచి ఇటు చూసింది. గట్ల మీదుగా వచ్చి నిలబడింది.

"ఏం జేస్తున్నవే? సగం ఇడిసిపెడితే పటేలుకు లాభం గాదా?"

"నాటినోళ్లది అన్నరు గదక్కా."

"పీక్కొని పొమ్మన్నరు."

"పీకిన గద. ఒక్క దుబ్బు ఇడువలే."

గోపమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకొని భుజాలు ఊగేలా నవ్వింది. నవ్వు ఆగాక మొహం మారింది. కట్ట వైపు చూసి గొంతు తగ్గించింది. "పిల్లతల్లివే సోమీ. పెద్దోళ్లతోటి... రేపు ఏమన్నైతే?"

"రేపు ఏమైతదో నాకూ ఎరుకలేదక్కా."

గోపమ్మ పోయి ఒక ఖాళీ గంప తెచ్చి ఆమె పక్కన పెట్టి, తన మడికి వెళ్లిపోయింది.

గంప నెత్తి మీద, పిల్ల చంకన, కాలువ గట్టు వెంట సోమమ్మ కొసకు తిరుగుతూనే ఉంది. కొసన నర్సింగమ్మ కరిగెటలో వంగి నాటుతోంది. కండ్లు కనిపించకపోయినా చేతులకు ఎడం తెలుసు. ఒక చేయి నాటిన మొక్కను తడుముతుంటే రెండో చేయి తర్వాతి మొక్కను పెడుతోంది.

"ఇది సన్నగున్నదేంది పిల్లా? దుబ్బు చీల్చినవా?"

"ఆఁ."

నర్సింగమ్మ చేతిలోని మొక్కను వేళ్లతో లెక్కపెట్టినట్టు తడిమింది. "మిగిలిన సగమేది?" అని అడగబోయి ఆగింది. కోడలి గొంతులో ఏం వినిపించిందో ఏమో, తిరిగి వంగింది. మడంతా నిండలేదు. చీకటి పడకముందే నారు అయిపోయింది, ఒక మూల ఉత్త బురద మిగిలింది.

*

రామచంద్రం పటేలు పొద్దు పొడవగానే రెండు అరకలతో వచ్చాడు. ముందు అరక జీతగాడు అంజన్న పట్టాడు. సోమమ్మ అప్పటికే గట్టు మీద ఉంది. పిల్ల ఒళ్లు కాలుతోంది. ఇంట్లో పడుకోబెట్టి రావడానికి మనసొప్పక తెచ్చుకుంది.

చుట్టూ మడులన్నీ బోడిగా ఉన్నాయి. నడిమిలో ఒక్కటి పచ్చగా ఉంది. చిక్కదనం లేదు, మొక్కకూ మొక్కకూ నడుమ నీళ్లు మెరుస్తున్నాయి, కొన్ని వాలిపోయాయి. అయినా పచ్చన పచ్చనే.

"ఏంది గిది?" అన్నాడు రామచంద్రం. "నారు తీయమంటిమి గద?"

"తీసిన పటేలా. కొసన నాటిన. కావాలంటే పోయి చూడు."

"తీస్తే గిదెట్ల మిగిలింది?"

"దుబ్బు చీలితే రెండైతది పటేలా. ఒకటి తీసుకపోయిన."

అంజన్న ముల్లుగర్ర కింద ఆనించి దగ్గాడు. ఆ దగ్గులో నవ్వు ఉందో లేదో తెలియలేదు. రామచంద్రం అతని కేసి చూశాడు.

"కట్టు అరక."

అంజన్న కదల్లేదు. "పచ్చ మీదనా పటేలా? నాకు పిల్లలున్నరు."

రామచంద్రం వచ్చి నాగలి మేడితోక తానే పట్టుకున్నాడు. ఎడ్లను మడి అంచు దాకా తోలాడు. వలపటి ఎద్దు మెడ వంచి పోచలందుకొని నమలసాగింది. పగ్గం గుంజాడు. ఎద్దు నమలడం ఆపలేదు. కర్రు గట్టు మట్టిలో సగం దిగి ఉంది. ఇంకొక్క అడుగు. సోమమ్మ పిల్లను గట్టిగా పట్టుకుంది. ఆయన చేయి మేడితోక మీద అలాగే ఉంది, పిడికిలి మీద నరాలు లేచాయి. అంతసేపూ ఆయన మొక్కల కేసే చూశాడు, ఆమె కేసి చూడలేదు.

"నా పొలం గుంజుకుంటరా మీరు?" అన్నాడు చివరికి. గొంతు పెంచలేదు. అడిగింది ఆమెనే అయినా ఇంకెవరినో అడిగినట్టుంది. ఆయన కూడా కొన్నాళ్లుగా సరిగా నిద్రపోలేదని ఆ కండ్ల కింద చూస్తే ఆమెకు తెలిసింది.

"గడ్డి నీదే పటేలా." సోమమ్మ పిల్లను మరో భుజానికి మార్చుకుంది. "ఊరంతా చూస్తుండంగ నా నెత్తి మీద మోసుకొచ్చి నీ వాకిట్ల దించుత. పొలం నీదని నా నోటితోనే చెప్పుత. గింజ సంగతి జానయ్య తాత చెప్పిందే."

ఎద్దు ఇంకో నాలుగు పోచలు అందుకుంది. ఈసారి రామచంద్రం దాని ముట్టె మీద కొట్టి వెనక్కి మళ్లించాడు.

తూము దగ్గర నుంచి నీరటి కాటమయ్య కేక వినిపించింది. చెరువు తూము తీసి, మడిమడికి వంతు ప్రకారం నీళ్లు పారించే పని ఆయనది.

"పటేలా! కాలువ ఇడిసిన! గా నడిమి మడికి వంతు ఎవలి పేరు మీద పెట్టాలె?"

అంజన్న నేల చూపులు చూశాడు. కాలువలో నీళ్లు గలగలమంటూ దగ్గరికి వస్తున్నాయి.

"నాటినోళ్ల పేరు మీద పెట్టు," అన్నాడు రామచంద్రం. నాగలి తిప్పి కాడి మీద వేశాడు. రెండడుగులు వేసి ఆగాడు. "మొదలు నాది తడిసినంక."

అరకలు పక్క మడిలోకి దిగాయి.

సోమమ్మ గట్టు మీద కూలబడింది. సంతోషమనిపించలేదు. ఇక్కడొక సగం, అక్కడొక సగం, నడుమ కాలువంత దూరం, ఉన్నది ఒక్క ఒళ్లు. దక్షిణాన మబ్బు కమ్ముకొస్తోంది. గట్టిగా కొడితే కొసన నిన్న నాటినవి తేలిపోతాయి. కొట్టకపోతే చెరువులో నీళ్లు దిగి కొసకు వంతే రాదు. మబ్బును చూసి ఏం మొక్కాలో తెలియలేదు. పిల్ల నుదురు తడిమింది. రవికె ముడి విప్పి రొమ్ము అందించింది. లీల దగ్గలేదు. కండ్లు మూసుకొని, కాలుతున్న నోటితో పట్టుకొని తాగసాగింది.

రామచంద్రం మడి నిండుతోంది. నాగలి చాళ్లలో నీళ్లు పాకి, ఒక్కో చాలూ మునిగి, ఆఖరికి గట్టు అంచును తాకాయి. ఆయన అటు మొహం పెట్టి దున్నుతున్నాడు. ఇటు చూడలేదు.

సోమమ్మ పిల్లను భుజాన వేసుకొని లేచింది. వంగి, ఒక చేత్తో బురద తీసి, కాలువ నీళ్లు ఆయన మడిలోకి పోయే నోటికి అడ్డం వేసింది. ఇంకో పిడికెడు వేసి మడమతో తొక్కింది. తర్వాత తన మడి నోరు తీసింది.

నీళ్లు ఒక్క క్షణం అక్కడే తిరిగి, లోపలికి మళ్లాయి.